మా ఇంటి చుట్టాలు, ఊరి గుర్రాలు

ఏప్రిల్ చివరి వారంలో లెక్సింగ్టన్‌లో హోటల్ గది దొరకడం కష్టం. ఐరన్ వర్క్స్ పైక్ మీదున్న కెంటకీ హార్స్ పార్క్‌లో త్రీ-డే ఈవెంట్ జరిగే రోజులవి. 2021లో మేరీలాండ్‌లో మరొకటి మొదలయ్యేదాకా అమెరికా మొత్తానికి ఫైవ్ స్టార్ స్థాయి ఈవెంటింగ్ పోటీ ఇదొక్కటే. ప్రపంచ అశ్వక్రీడలు ఐరోపా దాటి మొదటిసారి జరిగిందీ ఇక్కడే, 2010లో.

ఆ పెద్ద పోటీని చూడటానికి అందరూ వెళ్తారు. నా మనసు మాత్రం అదే పార్కులో జరిగే చిన్న పోటీల మీద. స్కూలు పిల్లలు, ఉద్యోగాలు చేసుకుంటూ సవారీ నేర్చుకునేవాళ్లు ఒహాయో నుంచో టెన్నెసీ నుంచో గుర్రాన్ని ట్రెయిలర్‌లో ఎక్కించుకుని వస్తారు. గుర్రానికి పార్కులో శాల ఉంటుంది. మనిషికి పడక కావాలి. దూరం నుంచి వచ్చే జడ్జీలకూ అంతే. అందుకే ఊళ్లోవాళ్లు ఇంట్లో ఒక గది ఇస్తే అది పోటీకి పెద్ద సాయం.

పెళ్లంటే వీధి వీధంతా వసారాల్లో చాపలు పరిచిన ఊళ్ల నుంచి వచ్చాం మనం. మా పైగది ఇవ్వడానికి ఆలోచించాల్సిన పనే లేకపోయింది. కాకపోతే ఈ చుట్టాలకు కావలసిన మర్యాద వేరు. కొసరి కొసరి వడ్డించడం కన్నా బురద బూట్లు విడవడానికి గరాజ్‌లో చోటు, వాషింగ్ మెషిన్, రాత్రి తొమ్మిదయ్యేసరికి నిశ్శబ్దం వాళ్లకు ముఖ్యం. తెల్లారకముందే లేచి గుర్రానికి దాణా వేయడానికి వెళ్లాలి కదా. ఇడ్లీలు డబ్బాలో సర్ది ఫ్రిజ్‌లో పెడితే వాళ్లే తీసుకెళ్తారు. ఒకమ్మాయి మా ఇంట్లో ఉలవచారు ఇష్టంగా తిని, మా వైపు గుర్రాలకు ఉలవలు పెట్టేవారని వినగానే నానబెట్టేవారా, ఉడికించేవారా అని ఆరా తీసి రాసుకుంది. భోజనాల దగ్గర మన దేశం ప్రస్తావన వస్తే 1982 ఢిల్లీ ఏషియాడ్ ఈవెంటింగ్‌లో రఘుబీర్ సింగ్ స్వర్ణం గెలిచిన సంగతి గర్వంగా చెబుతాను.

ఇల్లు ఇచ్చాక మైదానానికి వెళ్లకుండా ఉండలేం. ఈవెంటింగ్ అంటే ఒకే గుర్రం, ఒకే రౌతు, మూడు పరీక్షలు: పద్ధతిగా నడిపించే డ్రెస్సాజ్, పొలాల్లో దుంగలూ నీటిగుంటలూ దాటే క్రాస్ కంట్రీ, మైదానంలో కర్రల మీంచి దూకే షో జంపింగ్. క్రాస్ కంట్రీలో ప్రతి అడ్డునూ ఎవరో ఒకరు కనిపెట్టి ఉండాలి. జీతం లేని ఆ పని వాలంటీర్లదే. కుర్చీ, అట్ట, పెన్సిల్, విజిల్, వాకీటాకీ ఇచ్చి ముందే నియమాలు చెబుతారు. గుర్రం అడ్డు దగ్గర మొరాయిస్తే 20 పెనాల్టీలు, అక్కడే రెండోసారి మొరాయిస్తే మరో 40. రౌతు పడితే పోటీ అక్కడితో సరి. అలా పడినప్పుడు వాకీటాకీలో వెంటనే కబురు చెప్పాలి, వెనక దౌడు తీస్తూ వచ్చే గుర్రాన్ని జెండా ఊపి ఆపాలి. మన కంటి మీద ఒక మనిషి క్షేమం ఆధారపడి ఉంటుంది కాబట్టి ఆ కుర్చీలో కూర్చుని ఫోన్ చూడటం నేను సహించలేను.

డ్రెస్సాజ్ జడ్జి పక్కన కూర్చుని రాసే పని ఇంకా ఇష్టం. జడ్జి గుర్రం మీంచి చూపు తిప్పరు. సున్నా నుంచి పది లోపు మార్కు, దాని కారణం చెబుతుంటే మనం రాయాలి. గుర్రం వీపు బిగదీసిందా, కళ్లేన్ని హాయిగా ఒప్పుకుందా అన్నది అలా వింటూ రాస్తూనే నేర్చుకున్నాను. ఏ పుస్తకమూ ఇంత నేర్పదు.

ఉగాదికి వందలమందికి వండి వడ్డించి, పార్కింగ్ చూసి, హాలు ఊడ్చి తాళం వేసే ఓపిక మన సంఘంలో ఉంది. అందులో కొంత ఈ ఊరికీ దక్కాలని నా కోరిక. ఈ నేల కింద సున్నపురాయి, దాని మీద పెరిగే పచ్చిక, దాన్ని మేసే గుర్రాలు: లెక్సింగ్టన్ పేరు నిలబడింది వాటి మీదే. మన పిల్లలు పుట్టి పెరుగుతున్న ఊరిది. గుర్రాల కంచె పక్కనుంచి రోజూ కారులో వెళ్లిపోతే చాలదు.

గుర్రాన్ని ఎన్నడూ ముట్టుకోనివాళ్లు కూడా రావచ్చు. మార్కుల కాగితాలు చేరవేయడం, దారి చూపడం లాంటి పనులతో మొదలుపెట్టండి. టోపీ, నీళ్లసీసా తెచ్చుకోండి. వాన సూచన ఉంటే రెయిన్‌కోటు వేసుకోండి. ఒక్కసారిగా గొడుగు విప్పితే గుర్రాలు బెదురుతాయి.