ల్యాబు వచ్చింది, పీరియడ్ ఏదీ?

పిల్లల చేత వస్తువులు చేయించే చదువుకు ఢిల్లీలో నిధులున్నాయి, యంత్రాలున్నాయి. టైంటేబుల్లో చోటుకే కరవు

ఆరో తరగతి పిల్లల చేతికి త్రీడీ ప్రింటర్ అందుతున్న రోజులివి. నీతి ఆయోగ్ ఆధ్వర్యంలో 2016లో మొదలైన అటల్ ఇన్నోవేషన్ మిషన్ పుణ్యమా అని దేశంలోని దాదాపు 10,000 పాఠశాలల్లో టింకరింగ్ ల్యాబులు వెలిశాయి. ఢిల్లీ, నోయిడా, గుర్‌గావ్ బడులకూ వాటిలో వాటా దక్కింది. ఒక్కో ల్యాబుకు గరిష్ఠంగా రూ.20 లక్షల గ్రాంటు. అందులో సగం ఏర్పాటుకు, సగం ఐదేళ్ల నిర్వహణకు. ఆర్డ్వినో బోర్డులు, సెన్సర్లు, చిన్న మోటార్లు, సోల్డరింగ్ ఐరన్లు ఆ డబ్బుతోనే వస్తాయి. ఐదేళ్లలో ప్రభుత్వ బడుల్లో మరో 50,000 ల్యాబులు పెడతామని 2025-26 కేంద్ర బడ్జెట్ ప్రకటించింది. ల్యాబంటే బీకర్లు, టెస్టు ట్యూబులే అనుకున్న బడులకు ఇది చిన్న మార్పేమీ కాదు.

కానీ సామగ్రి వచ్చినంత మాత్రాన డిజైన్ పాఠం వచ్చినట్టేనా? నీళ్ల ట్యాంకు నిండితే మోగే అలారాన్నే తీసుకోండి. సైన్స్ ఫెయిర్లలో ఇది పాత కాపే. రెండు తీగలు, బ్యాటరీ, బజర్ ఉన్న కిట్టు ఇస్తే పీరియడ్ ముగిసేలోగా మోగుతుంది, ఫొటో దిగుతారు. డిజైన్ పాఠం మొదలవ్వాల్సింది ఆ తర్వాతే. ఢిల్లీలో చాలా కాలనీలకు జల్ బోర్డు నీళ్లు వచ్చేది వేళ ప్రకారమే. ఆ వేళకు మోటారు వేసేది ఎవరు? మేడ మీది బజర్ కింది అంతస్తులో వంట చేస్తున్న మనిషికి వినిపిస్తుందా? కొన్నాళ్లు నీళ్లలో నానిన తీగలకు తుప్పు పడితే? ఇంటికెళ్లి అడగాలి, మళ్లీ గీయాలి, మళ్లీ విప్పాలి. రెండోసారీ మోగకపోవచ్చు. దీనికి వారాలు పడుతుంది. 40 నిమిషాల పీరియడ్‌లో సామాను తీసి సర్దడానికే పది నిమిషాలు పోతే మిగిలేది కిట్టు పాఠమే.

ప్రభుత్వ బడులకు మరో చిక్కుంది. ఢిల్లీలో ఒకే భవనంలో ఉదయం బాలికలకు, మధ్యాహ్నం నుంచి బాలురకు తరగతులు నడిచే బడులు చాలానే ఉన్నాయి. మొదటి షిఫ్టు వాళ్లు సగం చేసిన నమూనా ఎక్కడ పెట్టాలి? ఒక బీరువా, దానికో తాళం కూడా ఈ చదువులో భాగమే. ఫీజు కట్టి సాయంత్రాలు రోబోటిక్స్ క్లాసులకు వెళ్లే గుర్‌గావ్ పిల్లలకు ఈ బెంగ లేదు.

చేతిపనిని చదువులో కలపాలన్న ఆలోచన ఢిల్లీకి కొత్తది కాదు. 1937లో వార్ధాలో గాంధీజీ బునియాదీ విద్యను ప్రతిపాదించినప్పుడు పాఠ్యప్రణాళిక కమిటీకి అధ్యక్షుడు హైదరాబాద్‌లో పుట్టి, ఢిల్లీలో జామియా మిలియాను నడిపిన జాకిర్ హుస్సేన్. నూలు వడుకుతూనే లెక్కలు, సైన్సు నేర్పాలన్నది దాని సారం. స్వాతంత్ర్యం వచ్చాక ఆ ప్రయత్నం నీరుగారింది. ఈశ్వర్‌భాయ్ పటేల్ కమిటీ 1977లో దానికి ‘ఎస్‌యూపీడబ్ల్యూ’ అని కొత్త పేరు పెట్టింది. చాలాచోట్ల అది పెన్ను స్టాండ్ల పీరియడ్‌గా మిగిలింది. ‘ఉపయోగపడే పీరియడ్ల వృథా’ అంటూ పిల్లలు ఆ అక్షరాలకు వేరే అర్థం చెప్పుకున్నారు. పరీక్షలో లేనిదాన్ని పట్టించుకునేదెవరు? 1956లో మొదలైన కోట్లా రోడ్డులోని బాల భవన్ మాత్రం మట్టిబొమ్మలు, వడ్రంగం వంటివి మార్కుల గొడవ లేకుండానే నేర్పుతూ వచ్చింది. అయితే అది బడి బయటి వ్యవహారం.

మార్కుల మహత్యం ఎంతో ఇంగ్లండ్‌ను చూస్తే తెలుస్తుంది. 1990లో అక్కడ డిజైన్ అండ్ టెక్నాలజీని జాతీయ పాఠ్యప్రణాళికలో చేర్చారు. ఇప్పటి జీసీఎస్‌ఈ పరీక్షలో సగం మార్కులు విద్యార్థి స్వయంగా గీసి, చేసి, పరీక్షించిన ప్రాజెక్టుకే. అయినా, పాఠశాలల పనితీరును కొలిచే కీలక సబ్జెక్టుల జాబితాలో 2010లో దానికి చోటు దక్కలేదు. తర్వాతి ఏళ్లలో ఆ పరీక్ష రాసేవారు బాగా తగ్గిపోయారు.

ఢిల్లీలో పథకాల పేర్లే మారుతుంటాయి. 2021లో నాటి ఆప్ ప్రభుత్వం ‘బిజినెస్ బ్లాస్టర్స్’ కింద 11, 12 తరగతుల పిల్లలకు తలా రూ.2,000 పెట్టుబడి ఇచ్చింది. ఉత్సాహమైతే కనిపించింది గానీ, వస్తువు బాగా పనిచేస్తుందా అనేకన్నా అమ్ముడుపోతుందా అన్నదే అక్కడ ముందు ప్రశ్న. 2025లో ప్రభుత్వం మారాక ‘నీవ్’ వచ్చింది.

ఎన్సీఈఆర్టీ దారి కాస్త భిన్నం. 2024లో ఆరో తరగతికి తెచ్చిన ‘కౌశల్ బోధ్’ ప్రకారం ఏడాదిలో మూడు ప్రాజెక్టులు చేయాలి. ప్రాణులతో ఒకటి, యంత్రాలు-పదార్థాలతో ఒకటి, మనుషులకు అందించే సేవలతో ఒకటి. మధ్య తరగతుల్లో ఇలాంటి విద్యకు 2023 పాఠ్యప్రణాళిక చట్రం ఏడాదికి 110 గంటలు కేటాయించింది. కాగితం మీదైనా గంటలు లెక్కగట్టారు, అదే మేలు. అయితే ఆ గంటల్లో పాఠం చెప్పేదెవరు? ల్యాబు బాధ్యత సాధారణంగా ఫిజిక్స్ లేదా కంప్యూటర్ టీచరు నెత్తిన పడుతుంది, అదీ రోజువారీ పాఠాలకు అదనంగా. ఎనిమిదో తరగతి దాటితే బోర్డు పరీక్షల ఒత్తిడి, కోచింగ్ మొదలు. ఆరో తరగతి నుంచే ఐఐటీ ఫౌండేషన్ కోర్సులు చూసిన తెలుగు తల్లిదండ్రులకు ఈ సంగతి విడమరిచి చెప్పక్కర్లేదు. 11, 12 తరగతులకు సీబీఎస్‌ఈ ‘డిజైన్ థింకింగ్ అండ్ ఇన్నోవేషన్’ను ఐచ్ఛిక సబ్జెక్టుగా అందిస్తోంది. జేఈఈకి కూర్చునే పిల్లాడు దాన్ని ఎంచుకుంటానంటే ఇంట్లో ఏమంటారో ఊహించడం కష్టం కాదు.