నల్లులకు మరిగే నీళ్లు చాలు, పత్తి మందు వద్దు

జూలూరుపాడు: ఎండలు ముదిరితే ఈ అడవి అంచు పల్లెల్లో పడక వాకిట్లోకి మారుతుంది. చలికాలమంతా మూలన నిలబెట్టిన నులక మంచాలు, నవ్వారు మంచాలు బయటికి వస్తాయి. వాటితోపాటు నల్లులూ వస్తాయి.

పూర్వం ఖమ్మం జిల్లాలో ఉండి, 2016 అక్టోబరులో భద్రాద్రి కొత్తగూడెం జిల్లాలో చేరిన ఈ మండలంలో పత్తి విరివిగా పండుతుంది. కనుక చేనుకు కొట్టగా మిగిలిన పురుగుమందు ఇళ్లలో ఉంటుంది. అందులో కొంచెం మంచానికి పూస్తే నల్లుల పీడ పోతుందని కొందరి నమ్మకం. ఇది ప్రాణం మీదికి తెచ్చే పని.

మోనోక్రోటోఫాస్, క్లోరిపైరిఫాస్ జాతి మందులు నోటి ద్వారానే కాదు, చర్మం గుండా కూడా ఒంట్లోకి ఎక్కుతాయి. నులకకు పట్టిన మందు ఆరినట్లు కనిపించినా పోదు. చొక్కా లేకుండా పడుకునే వారికి, పసిపిల్లలకు మరీ ముప్పు. నోట చొంగ కారడం, విపరీతమైన చెమట, వాంతులు, కండరాలు అదరడం, ఊపిరి ఆడకపోవడం దీని లక్షణాలు. అటువంటప్పుడు బట్టలు విప్పి, ఒంటిని సబ్బునీళ్లతో కడిగి, మందు డబ్బాతో సహా రోగిని వెంటనే ఆసుపత్రికి చేర్చాలి. 108కి ఫోను చేయాలి.

పైగా నల్లి మందులకు త్వరగా అలవాటు పడే పురుగు. డీడీటీ వాడుకలోకి వచ్చిన కొద్ది ఏళ్లకే, 1947లో, దానికి చావని నల్లులు హవాయి దీవుల్లో బయటపడ్డాయి. వేడికి మాత్రం నల్లి తట్టుకోలేదు. యాభై డిగ్రీల వేడి తగిలితే నల్లి, దాని గుడ్డు రెండూ చస్తాయి.

కనుక చేయవలసినది ఇది. పరుపులు, దుప్పట్లు తీసి, మంచాన్ని ఇంటికి దూరంగా నిలబెట్టాలి. కోళ్లు, పట్టెలు కలిసే సందుల్లోను, నులక ముడుల్లోను సలసల మరిగే నీళ్లు పోయాలి. పైపైన చల్లితే లాభం లేదు, నీళ్లు సందులోకి దిగాలి. పిల్లలను దగ్గరికి రానివ్వరాదు. నవ్వారు విప్పి మరిగే నీళ్లలో ముంచితే మంచిది. ప్లాస్టిక్ వైరు మంచమైతే వైరు మీద పోయకుండా కర్ర సందుల్లోనే పోయాలి. లేకుంటే వైరు సాగిపోతుంది.

ఒక్క ఎండ చాలదు. ఎండ తగలగానే నల్లులు నీడవైపు సందుల్లోకి జరుగుతాయి. చావకుండా మిగిలిన గుడ్లు వారం, పది రోజుల్లో పిగులుతాయి. అందుచేత పది రోజులకు మరోసారి, అవసరమైతే మూడోసారి నీళ్లు పోయాలి. తడిసినప్పుడు బిగిసిన నులక ఆరాక వదులవుతుంది కనుక పూర్తిగా ఎండిన తరువాతే బిగించుకోవాలి.

మంచంతోపాటు అరుగునూ చూసుకోవాలి. మట్టి అరుగు నెరియల్లో తేళ్లు చేరతాయి. నెరియలు మట్టితో పూడ్చి, ఆ తరువాత అలకాలి. కట్టెల మోపులు పడకకు దూరంగా ఉంచాలి. దోమతెర అంచులు పక్క కిందికి దోపుకుంటే దోమలతోపాటు కట్లపాము భయమూ తగ్గుతుంది.

ఇంట్లో పాత ఎండోసల్ఫాన్ డబ్బా ఉన్నవారు దానిని దేనికీ వాడరాదు. 2011లోనే సుప్రీంకోర్టు ఆ మందును దేశమంతటా నిలిపివేసింది. మిగిలిన మందులను వాగులోనో బావి దగ్గరో పారబోయక, వ్యవసాయ అధికారిని అడిగి వదిలించుకోవాలి. అంతవరకు వాటిని పిల్లలకు అందనిచోట తాళం వేసి ఉంచాలి.

కట్టెలపొయ్యి మీద రెండు బిందెల నీళ్లు మరిగించడానికి పైసా ఖర్చు కాదు. ఆ ఒక్క పూట శ్రమ పడితే వేసవి అంతా వాకిట్లో హాయిగా నిద్రపోవచ్చు.