వార్తల్లో పదం: రైల్ ట్రైల్

రైళ్లు ఆగిపోయిన మార్గంలో పట్టాలు తీసేసి, ఆ కట్టను సైకిళ్లకూ నడకకూ బాటగా మారిస్తే అది రైల్ ట్రైల్. అమెరికాలోని విస్కాన్సిన్‌లో 1960ల నాటి ఎల్‌రాయ్–స్పార్టా బాట ఇందుకు పేరెన్నికగన్నది. సుమారు 51 కిలోమీటర్ల ఆ దారిలో మూడు సొరంగాలున్నాయి. రైలు నిటారు ఎత్తు ఎక్కలేదు కాబట్టి ఇంజినీర్లు కొండను తొలిచి, పల్లాన్ని పూడ్చి వాలు తగ్గించారు. పిల్లలూ పెద్దవాళ్లూ ఆయాసపడకుండా తొక్కగలగడం ఆ పాత శ్రమ ఫలమే. ఇంత విలువైన కట్టను పాడుపెట్టడం ప్రజాధనాన్ని వృథా చేయడమే.

అయితే ప్రతి రైలు కట్టా ఇందుకు పనికిరాదు. ఉదాహరణకు, ఆంధ్రప్రదేశ్‌లోని దొరవారిసత్రం మీదుగా వెళ్లే గూడూరు–చెన్నై మార్గంలో నిత్యం రైళ్లు తిరుగుతాయి. అక్కడ అనుమతి లేకుండా రైల్వే స్థలంలోకి వెళ్లడం 1989 రైల్వే చట్టం 147వ సెక్షన్ కింద నేరం. ఆ దగ్గరలోని నేలపట్టుకు పక్షులను చూడటానికి వచ్చేవారికి కావాల్సింది విడిగా ఒక సైకిల్ బాట. రైల్ ట్రైల్ మాట నల్లమల అడవికి వర్తిస్తుంది. నంద్యాల–గిద్దలూరు మధ్య మీటర్ గేజి మార్గాన్ని వదిలేశాక బొగద సొరంగం, దొరబావి వంతెన స్తంభాలు అడవిలో మిగిలాయి. అది పులుల అడవి కదా అన్న అభ్యంతరం న్యాయమైనదే. అడవి లోపలి భాగం జోలికి పోకుండా వెలుపలి కట్టనే పరిశీలించాలి. రేపు రైలు మళ్లీ అవసరమైతే? అమెరికా 1983లోనే చట్టం చేసి, బాటగా వాడుతూనే మార్గాన్ని రైలు కోసం నిలిపి ఉంచే వీలు కల్పించింది. ఆక్రమణలతో ముక్కలైన కట్టను తిరిగి కలపడం కష్టం. బాటగా వాడుకలో ఉన్నది రేపటికీ దక్కుతుంది.