పాఠం: బ్రేకు డిస్కుకు తుప్పు పట్టింది!

చదవండి

పిల్లలూ, పోయిన చలికాలం మేం మూడు వారాలు ఇండియా వెళ్ళి వచ్చాం. అన్నాళ్ళూ మా కారు బయటే ఉంది. ఇక్కడ అమెరికాలో మంచు కరగడానికి రోడ్ల మీద ఉప్పు చల్లుతారు కదా! ఆ ఉప్పు, తడి కలిసి పని చేశాయి. తిరిగొచ్చి కారు తీస్తే, బ్రేకు నొక్కినప్పుడల్లా గరగరమని చప్పుడు. మా వారు తుప్పు వదిలించే నూనె స్ప్రే తెచ్చి డిస్కు మీద కొట్టబోయారు. పక్కింటి పెద్దాయన పరుగున వచ్చి ఆపారు. ఎందుకు ఆపారో చూద్దాం.

డిస్కు ఏం చేస్తుంది?

ఇక్కడ రోటర్ అంటారు, విజయవాడ ఆటోనగర్‌లో డిస్కు అంటారు. రెండూ ఒకటే. అది చక్రంతో పాటు తిరిగే పోత ఇనుము పళ్ళెం. బ్రేకు నొక్కగానే రెండు పక్కలా ఉన్న ప్యాడ్లు దాన్ని గట్టిగా పట్టుకుంటాయి. ఆ రాపిడికే కారు ఆగుతుంది. మరి నూనె పడితే? చేతులకు నూనె రాసుకుని సీసా మూత తిప్పి చూడండి, మీకే తెలుస్తుంది! బ్రేకు కూడా అలాగే జారిపోతుంది.

మా వారిది వేగంగా వెళ్ళే రకం కారు. అలాంటి కార్ల డిస్కులకు చాలావాటికి చిన్న చిన్న రంధ్రాలు ఉంటాయి. నీళ్ళు, ప్యాడ్ల పొడి వాటిలోంచి బయటికి పోతాయి.

ఒక్క రాత్రి వానకు పట్టిన పైపై తుప్పయితే, నాలుగు వీధులు నెమ్మదిగా తిరిగి బ్రేకులు వేస్తే ప్యాడ్లే గీకేస్తాయి. మాది అలా పోలేదు.

ఎలా శుభ్రం చేశాం?

(పెద్దవాళ్ళు చేసే పని ఇది. మీరు పక్కన నిలబడి చూడండి.)

1. కారు చల్లారాక, చదునైన నేల మీద ఆపి చక్రాలకు అడ్డు పెట్టాం. జాకీతో లేపి, కింద స్టాండ్లు పెట్టాం. జాకీ ఒక్కదాన్నే నమ్మకూడదు.

2. చక్రం, క్యాలిపర్ విప్పాం. క్యాలిపర్ బ్రేకు గొట్టం మీద వేలాడకుండా తీగతో పైకి కట్టాం.

3. మాస్కు, కళ్ళద్దాలు, చేతి తొడుగులు వేసుకున్నాం. పొడిని ఊదలేదు. ఊదితే ఊపిరితిత్తుల్లోకి పోతుంది. బ్రేక్ క్లీనర్ కొట్టి గుడ్డతో తుడిచాం. అది అంటుకునే ద్రవం కాబట్టి ఆరుబయట, నిప్పుకు దూరంగా చేశాం.

4. తుప్పును వైరు బ్రష్‌తో, ఎమరీ పేపరుతో రుద్దాం. రంధ్రాల్లో ఇరుక్కున్న పొడిని చిన్న బ్రష్‌తో తీశాం.

5. డిస్కు కూర్చునే హబ్‌ను కూడా రుద్దాం. అక్కడ కాస్త తుప్పు మిగిలినా డిస్కు వంకరగా కూర్చుంటుంది, తర్వాత స్టీరింగు వణుకుతుంది.

6. అన్నీ బిగించాక, కారు కదిపే ముందు, పెడల్ గట్టిపడేదాకా తొక్కాలి. మరిచిపోతే మొదటి బ్రేకు పడదు!

మెరిస్తే సరిపోతుందా?

సరిపోదు. డిస్కు ఎంత మందం కన్నా తగ్గకూడదో సాధారణంగా దాని మీదే ముద్రించి ఉంటుంది. మైక్రోమీటరుతో కొలిచి చూశాం. నాలుగూ సరిపోయాయి. కానీ ముందు చక్రం డిస్కు ఒకదానికి, రంధ్రం దగ్గర మొదలై అంచుదాకా వెంట్రుకంత పగులు కనిపించింది. గంటసేపు రుద్ది అద్దంలా మెరిపించిన డిస్కే అది! మా వారికి మనసు ఒప్పలేదు. కానీ ఆ కారులో వెనక కూర్చునేది మా పాప. తుప్పును రుద్దితే పోతుంది, పగులు పోదు. ముందువి రెండూ మార్చేశాం. డిస్కులు ఎప్పుడూ జతగానే మార్చాలి.

పదాలు – అర్థాలు

తుప్పు: తడి తగిలిన ఇనుము మీద పట్టే ఎర్రటి పొర
పోత ఇనుము: కరిగించి అచ్చులో పోసిన ఇనుము
రాపిడి: రెండు వస్తువులు ఒరుసుకోవడం
మందం: దళసరి
పగులు: చీలిక

అభ్యాసం

1. పక్కింటి పెద్దాయన నూనె స్ప్రే ఎందుకు కొట్టనివ్వలేదు?
2. మెరిసే డిస్కును ఎందుకు మార్చాల్సి వచ్చింది?
3. ‘గరగర’ లాంటి చప్పుడు మాటలు ఇంకో మూడు రాయండి. ఉదా: టకటక.
4. ఇండియాలో ఉన్న మీ తాతయ్యకో మామయ్యకో ఫోన్ చేసి, వాళ్ళ బండి బాగుచేసే మెకానిక్ వాడే అయిదు మాటలు అడిగి రాసుకోండి.