ముందు భోజనం, తర్వాత దారి

అత్లోన్‌కి సముద్రం లేదు. షానన్ నది ఒడ్డున, ఐర్లాండ్‌కి ఇంచుమించు నట్టనడుమ ఉన్న ఊరిది. అయినా ఎం6 మోటార్‌వే ఎక్కితే గంటలో గాల్వే అఖాతం దగ్గరికి చేరిపోవచ్చు. అందుకే సోమవారం బ్యాంక్ హాలిడే కలిసొచ్చిందంటే ఇక్కడి తెలుగు కుటుంబాలైనా, షానన్ టెక్నలాజికల్ యూనివర్సిటీలో చదువుకునే పిల్లలైనా పడమటి తీరం మాటే ఎత్తుతారు. ఇంకో రోజు సెలవు పెడితే నాలుగు రోజులు చేతికొస్తాయి. వాటిని ఎలా వాడుకోవాలన్నదే ప్రశ్న.

మామూలుగా ముందు చూడాల్సిన చోట్ల జాబితా రాస్తాం. మోహర్ కొండ అంచులు, కనమారా, డింగిల్, కిల్లార్నీ. మ్యాపులో అన్నీ జానెడు దూరంలోనే ఉంటాయి. తీరా బయల్దేరాక పగలంతా కారులో గడిచిపోతుంది, రాత్రికి పెట్రోల్ బంకులో దొరికిన శాండ్‌విచ్‌తో సరిపెట్టుకోవాల్సి వస్తుంది. నేనైతే ఈ పద్ధతిని తిరగేయమంటాను. ముందు ఏ పూట ఎక్కడ ఏం తింటారో ఖాయం చేసుకోండి. చూడాల్సినవి ఆ దారిలోనే తగులుతాయి.

దీనికి మొదటి కారణం తీరం ఆకారం. 2014లో మొదలైన వైల్డ్ అట్లాంటిక్ వే అనే పర్యాటక రహదారి ఉత్తరాన మాలిన్ హెడ్ నుంచి దక్షిణాన కిన్సేల్ దాకా 2,500 కిలోమీటర్లు. పక్షి ఎగిరినట్టు తిన్నగా పోతే ఆ రెండిటి మధ్య దూరం నాలుగు వందల పైచిలుకే! సముద్రం లోపలికి చొచ్చుకొస్తుంది, నేల బయటికి పొడుచుకెళుతుంది, రోడ్డు ఆ మలుపులన్నీ తిరుగుతుంది. వియత్నాంలో హనోయ్ నుంచి సైగాన్‌కి 1,726 కిలోమీటర్ల రైలు మార్గం ఉంది. మధ్యలో చాలా దూరం తీరం పక్కనే నడుస్తుంది కాబట్టి హుయేలో ఒక రాత్రి, డనాంగ్‌లో ఒక రాత్రి దిగుతూ పోవచ్చు. ఐర్లాండ్ పడమటి తీరం పొడవునా అలాంటి రైలు లేదు. డబ్లిన్ నుంచి వచ్చే రైళ్ళు తీరాన్ని అక్కడొకటి ఇక్కడొకటి తాకుతాయంతే. వాటిలో గాల్వే, వెస్ట్‌పోర్ట్ దారులు విడిపోయేది మన అత్లోన్‌లోనే. అంటే ఒక దారిన వెళ్ళి మరో దారిన తిరిగి రావడానికి ఇంతకంటే వీలైన ఊరు లేదు.

రెండో కారణం వంటగది వేళలు. జూన్‌లో రాత్రి పది దాకా వెలుగుంటుంది. పల్లెటూరి పబ్బులో పొయ్యి మాత్రం తొమ్మిదికల్లా, కొన్నిచోట్ల ఇంకా ముందే ఆరిపోతుంది. ఆ తర్వాత గ్లాసు దొరుకుతుంది గానీ పళ్ళెం దొరకదు.

ఇక బయల్దేరదాం. మొదటి రోజు గాల్వే ఊళ్ళోకి పోకుండా ఎం18 మీదికి మళ్ళి కిల్కోల్గన్, క్లారెన్‌బ్రిడ్జ్ వైపు వెళ్ళండి. మధ్యాహ్నం తినాల్సింది ఆల్చిప్పలు. వాగుల మంచినీళ్ళు అఖాతపు ఉప్పునీళ్ళతో కలిసే చోటు ఇది. ఆల్చిప్ప బాగా పెరిగేది ఇలాంటి కలగలుపు నీళ్ళలోనే. చదునుగా గుండ్రంగా ఉండేది ఇక్కడి నాటు రకం. వేసవిలో అది గుడ్లు పెట్టే కాలం కాబట్టి సెప్టెంబరు నుంచి ఏప్రిల్ దాకానే తింటారు. 1954 నుంచి గాల్వేలో జరిగే ఆల్చిప్పల పండుగ సెప్టెంబరులో వచ్చేది అందుకే. జూన్‌లో వెళితే మీ పళ్ళెంలోకి వచ్చేది ఏడాది పొడవునా పెంచే పసిఫిక్ రకం, కోలగా లోతుగా ఉంటుంది. నలగ్గొట్టిన ఐసు మీద పేర్చి, నిమ్మచెక్క పెట్టి ఇస్తారు. పచ్చిగానే మింగుతారు. మనసొప్పకపోతే వెల్లుల్లి వెన్న వేసి కాల్చినవి అడగండి. గర్భిణులు పచ్చివాటి జోలికి పోకూడదు.

పక్కనే గోధుమరంగు రొట్టె వస్తుంది. దీనిలో ఈస్టు ఉండదు. ఐర్లాండ్ గోధుమ మెత్తటిది, ఈస్టుతో సరిగ్గా పొంగదు. అందుకని పంతొమ్మిదో శతాబ్దంలో వంటసోడా వచ్చాక పుల్లటి మజ్జిగ, సోడా కలిపి పిండిని పొంగించడం పట్టుకున్నారు. పుల్ల పెరుగు, సోడా పడ్డ మన మైసూరు బోండా పిండి పొంగేది కూడా ఈ లెక్కనే. పొయ్యిలో పెట్టే ముందు పైన కత్తితో అడ్డంగా, నిలువుగా గాటు పెడతారు, లోపలిదాకా ఉడకడానికి.

అక్కణ్ణుంచి కిన్వారా మీదుగా బరెన్. కనుచూపు మేర బూడిదరంగు సున్నపురాయి నేల, దాని నెర్రెల్లో పూలు. అయిదు వేల ఏళ్ళు దాటిన పౌల్నబ్రోన్ రాతి సమాధి ఇక్కడే ఉంది. రాత్రికి డూలిన్.

రెండో రోజు పొద్దున్నే మోహర్. బస్సుల జనం రాకముందే చేరితే 214 మీటర్ల ఎత్తు అంచులు తీరిగ్గా చూడొచ్చు. మధ్యాహ్నం చౌడర్ తినండి. పాలు, మీగడ, బంగాళదుంప, రెండు మూడు రకాల చేప, అందులో ఒకటి పొగబెట్టినది. కారం ఉండదు, మిరియాలు మీరే చల్లుకోవాలి. అది తిన్నాక గాల్వే దాటి క్లిఫ్డెన్‌కి బయల్దేరండి. గాల్వే నుంచి 80 కిలోమీటర్లే అయినా ఎన్59 మలుపుల్లో గంటన్నర పడుతుంది. అక్కడ రెండు రాత్రులు ఉండండి. రోజూ సూట్‌కేసు సర్దే పని తప్పుతుంది.

మూడో రోజు గడియారం కన్నా ఆటుపోట్ల పట్టిక ముఖ్యం. క్లాడడఫ్ దగ్గర ఓమీ దీవికి ఆటు సమయంలో ఇసుక మీదే నడిచి వెళ్ళొచ్చు. గుర్తు కోసం పాతిన స్తంభాల వెంట కార్లు కూడా పోతాయి. పోటు మొదలయ్యేలోగా తిరిగి రావాలి. ఈ వేళలు రోజుకి దాదాపు యాభై నిమిషాలు ఆలస్యమవుతూ పోతాయి గనుక నిన్న వెళ్ళొచ్చినవాళ్ళ మాట నమ్ముకోవద్దు. మిగిలిన పూట డెరిగిమ్లా బురదనేల చూడండి. 1919 జూన్ 15న ఆల్కాక్, బ్రౌన్ తొలిసారి ఆగకుండా అట్లాంటిక్ దాటొచ్చి విమానం దించింది అక్కడే. రాత్రికి సాల్మన్ చెప్పండి. మన రంజీ ట్రోఫీకి పేరిచ్చిన నవానగర్ మహారాజు రంజిత్‌సింహ్‌జీ ఈ చేప వేట మీద మోజుతో దగ్గర్లోని బాలినహించ్ కోటనే కొనేశారు. 1933లో చనిపోయేదాకా అది ఆయనదే.

నాలుగో రోజు కైల్‌మోర్ ఆబీ మీదుగా కిలరీ హార్బర్. కొండల మధ్యకి దూరిన ఈ సన్నటి, లోతైన పాయలో అలలు తక్కువ. నీళ్ళ మీద వరసలుగా తేలేవి బుంగలు. వాటికి వేలాడే తాళ్ళ మీద మసెల్స్ అనే నల్ల గుల్లలు పెరుగుతాయి. వెల్లుల్లి, వైన్ వేసి ఆవిరి మీద ఉడికించి గిన్నెడు తెస్తారు. ఉడికినా నోరు తెరవని గుల్ల తినకండి. గుల్లలు వద్దనుకుంటే పై వాలుల్లో హెదర్ పొదలు మేసే గొర్రెల మాంసం ఉంది. కనమారా కొండ గొర్రెకి 2007లో యూరప్ భౌగోళిక గుర్తింపు కూడా దక్కింది. తిని వెస్ట్‌పోర్ట్ మీదుగా బయల్దేరితే చీకటి పడేలోగా అత్లోన్.

శాకాహారులకి ఒక చిట్కా. ఇక్కడ హోటళ్ళు పద్నాలుగు రకాల అలర్జీ పదార్థాలు రాసి చూపించాలన్నది చట్టం. మెనూలో చాలాచోట్ల అవి అంకెల్లో ఉంటాయి. చేప, రొయ్య, గుల్లల అంకెలు ఏవో ఆ మెనూలోనే చూసుకుంటే కాయగూరల సూప్‌లో చేపల రసం పడిందో లేదో తెలిసిపోతుంది. మాంసం పులుసు సంగతి మాత్రం నోరు తెరిచి అడగాల్సిందే. కారు లేనివాళ్ళు రైల్లో గాల్వే చేరి, అక్కడే బస పెట్టుకుని, 350 నంబరు బస్సులో మోహర్ చూసి రావొచ్చు. ఉత్సాహం కొద్దీ ఉత్తరాన డెర్రీ వైపు పొడిగించేవాళ్ళు ఒకటి గుర్తుంచుకోవాలి. సరిహద్దులో గేటు లేకపోయినా అది యునైటెడ్ కింగ్‌డమ్‌లో భాగం. ఐర్లాండ్ నివాస కార్డు ఉన్న భారతీయులకి కూడా వేరే వీసా కావాలి.

ఈ లెక్కన డింగిల్, కిల్లార్నీ మిగిలిపోతాయి కదా అంటారు. మిగలనివ్వండి. ఆగస్టులో ఇంకో బ్యాంక్ హాలిడే ఉంది.