సరిహద్దు కొండల్లో పుట్టింటికి కాపలా

జోషీమఠ్ నుంచి టిబెట్ సరిహద్దు వైపు సాగే రహదారి మీద, రుషిగంగ వచ్చి ధౌళీగంగలో కలిసేచోట రైణీ అనే చిన్న గ్రామం ఉంది. చమోలీ జిల్లాకు చెందిన ఈ ఊరు ఇప్పుడు ఉత్తరాఖండ్‌లో ఉన్నా, మనం చెప్పుకుంటున్న కాలానికి ఉత్తరప్రదేశ్‌లో భాగం. 1974 మార్చి 26న ఈ ఊళ్ళోని మగవారంతా చమోలీ పట్టణానికి వెళ్ళారు. 1962 చైనా యుద్ధం తరువాత సైనిక అవసరాల కోసం తీసుకున్న భూములకు నష్టపరిహారం చెల్లిస్తామని అధికారుల నుంచి కబురు రావడమే అందుకు కారణం. పదేళ్ళకు పైగా అతీగతీ లేని పరిహారానికి సరిగ్గా ఆ రోజే ముహూర్తం ఎందుకు కుదిరిందన్నది మధ్యాహ్నానికల్లా తేలిపోయింది. గుత్తేదారు మనుషులు, గొడ్డళ్ళు పట్టిన కూలీలు, అటవీ సిబ్బంది ఊరికి ఈవలే వాహనం దిగి, ఎవరి కంటా పడకుండా రుషిగంగ ఒడ్డు వెంట అడవిలోకి నడవసాగారు. అప్పటికే వేలం ముగిసిన 2 వేల పైచిలుకు చెట్లను నరకడం వారి పని.

వారిని ఒక బాలిక చూసింది. పరుగున వెళ్ళి గౌరాదేవికి చెప్పింది.

గౌరాదేవి అప్పటికి ఏబయ్యో పడికి చేరువలో ఉన్న వితంతువు. గ్రామ మహిళా మంగళ దళ్ అధ్యక్షురాలు. 1925లో పక్కనే ఉన్న లాతా గ్రామంలో పుట్టిన ఆమె బడి గడప తొక్కలేదు. పన్నెండేళ్ళకే పెళ్ళయింది. ఇరవై రెండేళ్ళకు భర్త పోయాడు. చంకన పసివాడు, ఇంట్లో అత్తమామలు మిగిలారు. కొద్దిపాటి పొలం, ఉన్ని వ్యాపారం తానే చూసుకుంటూ కొడుకును పెంచి పెద్దచేసింది.

ఆ ఉన్ని వ్యాపారం సంగతి కొంత చెప్పుకోకపోతే తక్కిన కథ అర్థం కాదు. ఈ సరిహద్దు లోయలలో నివసించే భోటియాలు తరతరాలుగా టిబెట్‌తో వర్తకం చేసి బతికినవారు. వేసవి రాగానే గొర్రెలు, మేకల వీపున సంచులు కట్టి ధాన్యం, బెల్లం, బట్టలు కనుమల మీదుగా టిబెట్‌కు చేర్చేవారు. తిరుగు ప్రయాణంలో ఉప్పు, ఉన్ని, వెలిగారం తెచ్చేవారు. మగవారు నెలల తరబడి కనుమలకు ఆవల ఉంటే ఇల్లు, పొలం, పశువులు స్త్రీల చేతి మీదే నడిచేవి. వచ్చిన ఉన్నిని వడికి కంబళ్ళు, తివాచీలు నేసేదీ వారే. మగ్గం లేని ఇల్లు అరుదు. మంచు పడేవేళ కుటుంబమంతా దిగువ ఊళ్ళకు వలసపోయి, మంచు కరిగాక తిరిగి పైకి రావడం ఆనవాయితీ.

1962లో యుద్ధం వచ్చి కనుమలు మూతపడ్డాయి. ఒక్క ఏడాదిలో ఒక జాతి జీవనాధారం పోయిందంటే అతిశయోక్తి కాదు. 1967లో భోటియాలను షెడ్యూల్డు తెగల జాబితాలో చేర్చారు. కొందరు యువకులు సైన్యంలోను, సర్కారీ కొలువుల్లోను చేరారు. తూర్పున లిపులేఖ్ కనుమ గుండా పరిమితంగా వర్తకాన్ని తిరిగి అనుమతించేసరికి 1992 వచ్చింది. ఈ మధ్యకాలమంతా ఊళ్ళలో మిగిలిన స్త్రీలకు దిక్కు అడవి ఒక్కటే. వంటచెరకు, పశుగ్రాసం, ఎరువుకు ఆకు, మూలికలు, పుట్టగొడుగులు అన్నీ అక్కడి నుంచి రావలసిందే. యుద్ధం తరువాత సైన్యం కోసం వేసిన రహదారులు కలప లారీలకూ తోవ చూపాయి. 1970లో అలకనందకు వచ్చిన పెను వరద ఊళ్ళను, వంతెనలను తుడిచిపెట్టింది. నరికిన కొండ నీటిని నిలపలేదన్న సంగతి అక్కడివారికి పుస్తకాలు చదివి తెలుసుకోవలసిన పని లేకుండా పోయింది.

అలకనంద లోయలో అప్పటికే చండీప్రసాద్ భట్ నాయకత్వాన దశోలీ గ్రామ స్వరాజ్య సంఘం చెట్ల నరికివేతను వ్యతిరేకిస్తూ ఊరూరా ప్రచారం సాగిస్తోంది. 1973 ఏప్రిల్‌లో మండల్ అడవిలో క్రీడాపరికరాల కంపెనీకి ఇచ్చిన చెట్లను కాపాడుకోవడంతో ‘చిప్కో’, అంటే చెట్టును హత్తుకొనే ఉద్యమం పేరుకెక్కింది. రైణీ అడవి వంతు వచ్చిన రోజున భట్ కూడా అక్కడ లేకుండా అధికారులు ఆయనను గోపేశ్వర్‌లోనే మాటల్లో నిలిపి ఉంచారు. ఇన్ని ఏర్పాట్లు చేసినవారు ఆడవారిని మాత్రం లెక్కలోకి తీసుకోలేదు.

గౌరాదేవి ఇంటింటికీ వెళ్ళి చేతనైనవారిని పోగుచేసింది. స్త్రీలు, బాలికలు కలిసి 27 మంది. పొయ్యి మీద వంట దింపి వచ్చినవారు కొందరు, వంట వదిలేసి వచ్చినవారు కొందరు. వారు అడవి చేరేవేళకు కూలీలు వండుకుంటున్నారు. గౌరాదేవి వారిని సోదరులారా అనే సంబోధించింది. భోజనం ముగించి తమతోపాటు కిందికి దిగి రమ్మని, ఊళ్ళో మగవారు తిరిగివచ్చాక మాట తేల్చుకుందామని కోరింది. ఈ అడవి తమకు పుట్టిల్లని, దీన్ని నరికితే కొండ విరిగి తమ పొలాల మీద పడుతుందని చెప్పింది. ఆమె హిందీలో వాడిన ‘మాయకా’ అన్న పదానికి ఆంగ్ల వార్తా రచయితలు ‘తల్లి ఇల్లు’ అని రాసి సరిపెట్టుకున్నారు. తెలుగువారికి ఆ ఇబ్బంది లేదు. అత్తవారింట ఎంత కష్టం వచ్చినా ఆడపడుచు ధైర్యం చేసి వెళ్ళగల చోటు ఏదో మనకు వివరించనక్కరలేదు.

కూలీలు తగ్గారు గాని, గుత్తేదారు పక్షానివారు ఊరుకోలేదు. దుర్భాషలాడారు. తాగి ఉన్న ఒకడు తుపాకీ ఎత్తాడు. గౌరాదేవి అతని ఎదుట రొమ్ము విరుచుకొని నిలబడి, కాల్చదలిస్తే కాల్చమన్నది. చివరకు వారు వెనుదిరిగారు. కొండచరియ విరిగి తోవ తెగినచోట దాటడానికి వేసిన సిమెంటు పలకను కూడా స్త్రీలు పెకలించారు. ఇక అడవిలోకి దారి లేదు. ఆ రాత్రంతా వారు అక్కడే కాపలా ఉన్నారు. మరునాడు ఊరు చేరిన మగవారికి జరిగింది తెలిసింది.

వార్త లక్నో దాకా పాకింది. అప్పటి ముఖ్యమంత్రి హేమవతీ నందన్ బహుగుణ ప్రభుత్వం ఢిల్లీకి చెందిన వృక్షశాస్త్రవేత్త వీరేంద్రకుమార్ అధ్యక్షతన సంఘాన్ని నియమించింది. ఆ సంఘం గ్రామీణుల వాదాన్నే సమర్థించగా రైణీతోపాటు అలకనంద ఎగువ పరీవాహక ప్రాంతంలో సుమారు 1,200 చదరపు కిలోమీటర్ల మేర పదేళ్ళపాటు నరికివేతను నిషేధించారు. బడి చదువు లేని స్త్రీ చెప్పిన మాటను ధ్రువపరచడానికి నిపుణుల సంఘానికి సుమారు రెండేళ్ళు పట్టింది.

సరిహద్దు లోయల్లో స్త్రీలు కొత్త దారి తీయడం గౌరాదేవితో మొదలు కాలేదు. కుమావూఁ వైపు దార్మా లోయలోని దాంతూ గ్రామానికి చెందిన జసులీ అనే సంపన్న వితంతువు 19వ శతాబ్దంలో కైలాస యాత్రా మార్గం వెంట బాటసారులకు రాతి ధర్మశాలలు కట్టించింది. వారసులు లేని వేదనతో ధనాన్ని నదిలో పారబోస్తుండగా అప్పటి కమిషనర్ హెన్రీ రామ్సే చూసి ఆమెను ఈ పనికి ఒప్పించాడని స్థానికంగా చెప్పుకుంటారు. ఇక శిఖరాల విషయానికి వస్తే, 1981లో ధార్చులా ప్రాంతానికి చెందిన చంద్రప్రభా ఐత్వాల్ మరో ఇద్దరు మహిళలతో కలిసి 7,816 మీటర్ల నందాదేవిని అధిరోహించింది. ఉత్తరకాశీ జిల్లాకు చెందిన బచేంద్రీ పాల్ 1984 మే 23న ఎవరెస్టు ఎక్కిన తొలి భారత మహిళగా నిలిచింది. వీరి పేర్లు పాఠ్యపుస్తకాలకెక్కాయి. జసులీ పేరు మాత్రం ఆ కొండలు దాటి పెద్దగా బయటకు రాలేదు.

రైణీ విషయంలో మరో మెలిక ఉంది. 1982లో నందాదేవి పరిసరాలను జాతీయ ఉద్యానవనంగా ప్రకటించి, లోపలికి పశువులు మేపడాన్ని, పర్వతారోహణను నిలిపివేశారు. 1988లో అది ప్రపంచ వారసత్వ ప్రదేశమయింది. గుత్తేదారు నుంచి అడవిని కాపాడినవారికే అడవి తలుపు మూసుకున్నది. మేత పోయింది, పర్వతారోహకుల సామాను మోసి సంపాదించే కూలీ పోయింది. కనుమలు మూతపడినప్పుడు ఉన్న ప్రత్యామ్నాయం ఈసారి లేదు. తమ హక్కులు తమకివ్వాలంటూ 1998లో లాతా, రైణీ పరిసర గ్రామాల వారు నిషేధాన్ని ధిక్కరించి ఉద్యానవనంలో ప్రవేశించారు. అది చూడడానికి గౌరాదేవి లేదు. 1991 జూలైలో ఆమె కన్నుమూసింది.

తరువాత రుషిగంగ మీదికి జలవిద్యుత్ కేంద్రం వచ్చింది. పేలుళ్ళతో కొండ బీటలు వారుతోందని రైణీ వాసులు 2019లో నైనితాల్ హైకోర్టును ఆశ్రయించారు. 2021 ఫిబ్రవరి 7న ఎగువన రోంతీ శిఖరం నుంచి బండలు, మంచు పెళ్ళగిలి పడి, బురద వరద లోయను ముంచెత్తింది. 13.2 మెగావాట్ల రుషిగంగ కేంద్రం ఆనవాలు లేకుండా పోయింది. దిగువన నిర్మాణంలో ఉన్న తపోవన్ కేంద్రం సొరంగాల్లో కార్మికులు చిక్కుకుపోయారు. మొత్తం మీద 200 మందికి పైగా మరణించడమో, గల్లంతు కావడమో జరిగింది. ఆ కొండచరియ చెట్లు నరకడం వల్ల విరగలేదు, అది వృక్షరేఖకు ఎంతో ఎగువన జరిగిన ఉత్పాతం. అయితే అంత ఇరుకు లోయలో అన్ని కట్టడాలు ఎందుకన్న ప్రశ్న మాత్రం అలాగే ఉండిపోయింది. ఆ ప్రశ్నతో గ్రామస్తులు తదితరులు మళ్ళీ కోర్టు గడప ఎక్కితే, పిటిషనర్ల నిజాయితీని శంకిస్తూ 2021 జూలైలో హైకోర్టు దాన్ని కొట్టివేసి, ఒక్కొక్కరికి రూ.10 వేల చొప్పున ఖర్చులు విధించింది.

అంతకు ఒక నెల ముందు, జూన్‌లో కురిసిన వర్షాలకు రైణీ వద్ద సరిహద్దు రహదారి కోసుకుపోయింది. సైన్యానికి ఆ దారి తప్పనిసరి గనుక కొండను మరికొంత తొలిచి రోడ్డును జరపవలసి వచ్చింది. ఆ జరిపే దారిలో గౌరాదేవి విగ్రహం ఉంది. దాన్ని ఊడదీసి వాహనంలోకి ఎక్కిస్తుంటే గ్రామ స్త్రీలు కంటతడి పెట్టారు. విగ్రహాన్ని జోషీమఠ్‌కు తరలించారు.