బాలల్లో స్వల్ప శిరోఘాతం: కోలుకొనే క్రమం, భాష పాత్ర

ఉపోద్ఘాతం:
హైదరాబాద్ మలక్‌పేటలో ఇంట ఉర్దూ, వీధిలో తెలుగు, బడిలో ఇంగ్లీషు వినే పిల్లలు అనేకులు. మెట్లపైనుంచో, బండిపైనుంచో పడి తలకు దెబ్బ తగిలిన బిడ్డ స్థితిని అంచనా వేయడంలో ఈ భాషానేపథ్యం కూడా గమనించదగినది.

'స్వల్పం' అనే మాట:
1974లో గ్రాహం టీస్‌డేల్, బ్రయాన్ జెన్నెట్ ప్రకటించిన గ్లాస్గో కోమా స్కేలు కన్ను తెరవడం, మాట, కదలిక అనే మూడింటిని పరీక్షించి 3 నుంచి 15 వరకు అంకె ఇస్తుంది. 13 నుంచి 15 వరకు వస్తే అది స్వల్పగాయం. ఈ మాట తొలిస్థితిని సూచిస్తుందే తప్ప పర్యవసానానికి హామీ ఇవ్వదు. పైగా మాటకు సంబంధించిన అంకె బిడ్డ చెప్పే జవాబుపై ఆధారపడుతుంది. అలవాటు లేని భాషలో అడిగితే కలిగే తికమక గాయలక్షణంగా లెక్కకు రావచ్చు. అసలైన తికమక భాష రాకపోవడంగా కొట్టివేయబడనూవచ్చు. కాబట్టి ఇంటి భాషలోనే ప్రశ్నించడం అవసరం.

కోలుకొనే క్రమం:
దెబ్బ వలన మెదడు కణాల్లో లవణాల సమతౌల్యం, శక్తి వినియోగం తాత్కాలికంగా దెబ్బతింటాయి. సీటీ స్కాన్ రక్తస్రావాన్ని, ఎముక విరుపును చూపుతుంది గాని ఈ మార్పును చూపదు. అందువలన 'స్కాన్‌లో ఏమీ లేదు' అంటే 'ఏమీ కాలేదు' అని అర్థం కాదు. తలనొప్పి, మగత, చిరాకు, ఏకాగ్రతాలోపం కొన్నాళ్లు ఉండవచ్చు. అధికసంఖ్యాకులు 1 నుంచి 3 నెలల్లో కోలుకుంటారు. మొదటి 24 నుంచి 48 గంటలు విశ్రాంతినిచ్చి, ఫోను, టీవీ తగ్గించి, ఆపై క్రమంగా నడక, చదువు మొదలుపెట్టాలి. వారాల తరబడి చీకటిగదిలో పడుకోబెట్టడం మేలు చేయదు. బడి ముందు, ఆట తరువాత. మళ్లీ దెబ్బ తగిలే అవకాశమున్న ఆటలకు వైద్యుని అనుమతి తప్పనిసరి.

ప్రమాద సూచనలు:
పదేపదే వాంతులు, పెరిగే తలనొప్పి, మూర్ఛ, లేపినా లేవనంత మత్తు, ముక్కు లేదా చెవి నుంచి నీరులాంటి స్రావం, కాలుచేతుల బలహీనత కనిపిస్తే వెంటనే ఆసుపత్రికి తీసుకువెళ్లాలి.

ముగింపు:
ఈ సూచనలు ఇంగ్లీషు కాగితంపైనే ఉంటే, రాత్రివేళ బిడ్డను కనిపెట్టుకొని ఉండే తల్లికి లేదా నాయనమ్మకు అందవు. బడిలో ఉపాధ్యాయునికి తెలియకపోతే గాయపు అలసట బద్ధకంగా ముద్రపడుతుంది. తెలుగులో, ఉర్దూలో వాడుకమాటలతో వైద్యసూచనలను రూపొందించడం భాషాపరిశోధకులు చేపట్టవలసిన పని.